కంప్యుటేషనల్ సైన్స్‌లో చేరేవాళ్లు ముందు సిలబస్ అడిగి చూడాలి

సంపాదకులు గారికి,

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి ఇంజినీరింగ్, డిగ్రీ సీట్లు నిండేదాకా పత్రికల విద్యా పేజీల్లో కొత్త కోర్సుల పేర్లు వరుసగా వస్తుంటాయి. కంప్యుటేషనల్ సైన్స్, సైంటిఫిక్ కంప్యూటింగ్, మోడలింగ్ అండ్ సిమ్యులేషన్ అనేవి వాటిలో కొన్ని. చాలా ఇళ్లలో వీటిని సీఎస్ఈకి ఇంకో పేరు అనుకుంటున్నారు. ఆ నమ్మకంతో చేరిన పిల్లలు లీనియర్ ఆల్జీబ్రా, అవకలన సమీకరణాలు మొదలయ్యేసరికి బెంబేలెత్తుతున్నారు. మరోపక్క లెక్కలంటే ఇష్టమూ, ఫిజిక్సో కెమిస్ట్రీయో బయాలజీయో అంటే ఆసక్తీ ఉండి, ఈ చదువుకు సరిగ్గా సరిపోయే పిల్లలకు దీని సంగతే తెలియడం లేదు. ఈ సబ్జెక్టు బోధిస్తున్నవాళ్లం కాబట్టి, చేరేముందు పిల్లలూ తల్లిదండ్రులూ తెలుసుకోవాల్సిన విషయాలు మీ పత్రిక ద్వారా చెప్పదలిచాం.

సీఎస్ఈలో ప్రధానంగా చదివేది కంప్యూటర్ గురించి: ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, నెట్‌వర్క్, కంపైలర్. కంప్యుటేషనల్ సైన్స్‌లో చదివేది ప్రకృతి గురించి. కంప్యూటర్ అక్కడ పనిముట్టు. గాలి, నీరు, వేడి, అణువు, ఉక్కు కడ్డీ ఎలా ప్రవర్తిస్తాయో చెప్పే సమీకరణాలు మనకు తెలుసు. కానీ వాటిలో చాలావాటిని కాగితం మీద సాధించలేం. సమీకరణాన్ని కంప్యూటర్ చేయగలిగే కూడికలు, గుణకారాలుగా మార్చి, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడమే ఈ శాస్త్రం చేసే పని. నమ్మకం తేల్చే ఆ చివరి భాగాన్ని చాలా కళాశాలలు వదిలేస్తున్నాయి.

మన తీరానికి సంబంధించిన ఉదాహరణే చూద్దాం. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి హైదరాబాద్ ప్రగతినగర్‌లో సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్‌లో దేశానికి సునామీ హెచ్చరికల కేంద్రం నడుస్తోంది. సునామీ అల వేగం సముద్రపు లోతును బట్టి ఉంటుంది. లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీస్తే వేగం వస్తుంది. 4,000 మీటర్ల లోతులో అది సెకనుకు సుమారు 198 మీటర్లు, అంటే గంటకు 700 కిలోమీటర్ల పైమాటే. దీన్ని కంప్యూటర్‌లో లెక్కించాలంటే సముద్రాన్ని గళ్లుగా విడగొట్టి, కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా కోయాలి. గడి పొడవు 2 కిలోమీటర్లయితే కాలపు అడుగు సుమారు 10 సెకన్లు దాటకూడదు. రెండు దిక్కుల్లోనూ లెక్కిస్తాం కాబట్టి నిజానికి 7 సెకన్ల లోపే ఉంచాలి. ఒక్క అడుగులో అల ఒక గడిని దాటిపోకూడదన్నది సూత్రం. 1928లో కూరాంట్, ఫ్రీడ్‌రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితజ్ఞులు దీన్ని నిరూపించారు. త్వరగా పూర్తవుతుందని 30 సెకన్ల అడుగు పెడితే, కొద్ది అడుగుల్లోనే అల ఎత్తు లక్షల మీటర్లకు పెరిగి, తెర మీద అంకెలు పోయి 'నాన్' (ఇది సంఖ్య కాదు అని అర్థం) అన్న మాట మిగులుతుంది. ప్రోగ్రాంలో ఒక్క తప్పూ లేకున్నా ఇలా జరుగుతుంది.

ఇదే సూత్రం ఖర్చునూ నిర్ణయిస్తుంది. గడి పొడవు సగం చేస్తే గళ్లు నాలుగు రెట్లవుతాయి, కాలపు అడుగులు రెండింతలవుతాయి, మొత్తం పని ఎనిమిది రెట్లవుతుంది. భూకంపం వచ్చాక ఇదంతా మొదటి నుంచి లెక్కిస్తూ కూర్చుంటే హెచ్చరిక ఆలస్యమవుతుంది. అందుకే ఎక్కడెక్కడ ఎంత తీవ్రతతో భూకంపం వస్తే అల ఎలా పోతుందో ఇన్‌కాయిస్‌లో ముందే లెక్కించి భద్రపరిచారు. భూకంప కేంద్రం, తీవ్రత తెలియగానే వాటికి దగ్గరగా ఉన్న లెక్కను బయటికి తీస్తారు. వాతావరణ అంచనాలోనూ ఇదే కథ. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గడితో నడుస్తోంది. అంతకుముందు గడి 12 కిలోమీటర్లు. ఆ సగం తగ్గింపు వెనక పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎంలో పెట్టిన 11.77 పెటాఫ్లాప్‌ల (ఒక పెటాఫ్లాప్ అంటే సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు) 'అర్క' సూపర్ కంప్యూటర్ ఉంది. ఉప్పెన అంచనాలు, తుఫాను దారి అంచనాలు తయారుచేసేది ఇలాంటి చదువు చదివినవాళ్లే.

ఈ రంగానికి పునాది వేసినవాళ్లలో ఒకరు మన హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో పాఠం చెప్పినవారని ఎంతమందికి తెలుసు? అనీసుర్ రెహమాన్ 1964లో అమెరికాలోని ఆర్గాన్ (Argonne) జాతీయ ప్రయోగశాలలో, ద్రవరూప ఆర్గాన్ వాయువుకు చెందిన 864 పరమాణువుల కదలికను కంప్యూటర్‌లో లెక్కించారు. ప్రతి అడుగుకూ 3,72,816 జతల మధ్య బలాలు చూడాల్సిన లెక్క అది. అణువుల కదలికను ఇలా అడుగడుగునా లెక్కించే మాలిక్యులర్ డైనమిక్స్ అనే పద్ధతి, దాని మీద ఆధారపడిన నేటి మందుల పరిశోధన ఆ దారిలోనే పెరిగాయి. కంప్యుటేషనల్ ఫిజిక్స్‌లో అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఇచ్చే పురస్కారం ఆయన పేరు మీదే ఉంది. మన డిగ్రీ ఫిజిక్స్ పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఒక పేజీ ఇస్తే బాగుంటుంది.

ఇక సిలబస్ సంగతి. కోర్సు పేరు ఏదైనా సరే, కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, అవకలన సమీకరణాలు (పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లతో సహా), ప్రాబబిలిటీ, న్యూమరికల్ అనాలిసిస్ ఉండాలి. సీ లేదా ఫోర్‌ట్రాన్‌లో ఒకటి, దానితోపాటు పైథాన్ ఉండాలి. ఫోర్‌ట్రాన్ పాతబడిందని కొట్టిపారేయకండి. వాతావరణానికి వాడే వర్ఫ్, పదార్థాల పరిశోధనలో వాడే క్వాంటమ్ ఎస్ప్రెసో నేటికీ ఎక్కువగా అందులోనే ఉన్నాయి. మూడో ఏడాదికల్లా ఓపెన్‌ఎంపీ, ఎంపీఐలతో ప్యారలల్ ప్రోగ్రామింగ్ (ఒకే లెక్కను చాలా ప్రాసెసర్లకు పంచి నడపడం) రావాలి. వీటన్నిటితో పాటు ఫ్లూయిడ్స్, మెటీరియల్స్, బయాలజీ, భూ విజ్ఞానం వంటి ఏదో ఒక శాస్త్రాన్ని కనీసం నాలుగు పేపర్ల లోతున చదవాలి. ఇవి లేకుండా పైథాన్, డేటా సైన్స్, క్లౌడ్ మాత్రమే ఉన్న కోర్సుకు కంప్యుటేషనల్ అన్న పేరు పెట్టినంత మాత్రాన ఉపయోగం లేదు.

న్యూమరికల్ అనాలిసిస్‌ను పరీక్షలో మార్కులు తెచ్చే పేపర్‌గా చూడటం మన దగ్గర పెద్ద లోపం. క్యాలిక్యులేటర్‌తో న్యూటన్-రాఫ్సన్ నాలుగు మెట్లు వేసి రికార్డులో రాస్తే పేపర్ అయిపోతోంది. అసలు నేర్చుకోవాల్సింది దీనికి ఆవలే ఉంది. కంప్యూటర్ ఒక సంఖ్యను సుమారు 16 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది. 0.1ని పదిసార్లు కూడమంటే 1 రాదు, 0.9999999999999999 వస్తుంది. ఎందుకంటే ద్విసంఖ్యామానంలో 0.1 ఎంత రాసినా పూర్తికాదు, మన దశాంశాల్లో మూడో వంతు లాగే. సైన్ ఎక్స్‌కు 1 రేడియన్ దగ్గర అవకలనం (డెరివేటివ్) 0.5403. దీన్ని చిన్న తేడా తీసుకుని భాగించే పద్ధతిలో కనుక్కోమంటే, తేడా ఎంత చిన్నదైతే అంత మంచిదని ప్రతి విద్యార్థీ అనుకుంటాడు. తేడాను 10కి మైనస్ 8వ ఘాతం దగ్గర ఉంచితే ఎనిమిది అంకెలు సరిగా వస్తాయి. మైనస్ 15 చేస్తే 0.5551 వస్తుంది. మైనస్ 16 చేస్తే ఏకంగా సున్నా వస్తుంది, ఎందుకంటే 1కి అంత చిన్న సంఖ్య కలిపితే కంప్యూటర్‌కు అది 1గానే ఉంటుంది. ఈ మూడు లైన్ల ప్రోగ్రాంను ప్రతి డిగ్రీ విద్యార్థి చేత మొదటి వారంలోనే రాయించాలి.

ఇది పుస్తకాలకే పరిమితమైన విషయం కాదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో ఒక పేట్రియట్ క్షిపణి వ్యవస్థ ఎదురొస్తున్న స్కడ్ క్షిపణిని పట్టుకోలేకపోయి 28 మంది సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ గడియారం సెకనులో పదో వంతుల్లో లెక్కపెట్టేది. 0.1ని 24 బిట్లలో కుదించడంతో వచ్చిన చిన్న తేడా, వంద గంటలు ఆపకుండా నడిచాక 0.34 సెకన్లయింది. ఆ కాస్త సమయంలో స్కడ్ అర కిలోమీటరు పైగా ప్రయాణిస్తుంది. అదే ఏడాది ఆగస్టులో నార్వేలో స్లైప్నర్-ఎ అనే చమురు వేదిక కాంక్రీటు పునాది సముద్రంలో మునిగిపోయింది. ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలో (కట్టడాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి బలాలు లెక్కించే పద్ధతి) గళ్ల ఆకారం సరిగా లేక, కోత బలాలను 47 శాతం తక్కువగా అంచనా వేశారు. దాంతో గోడలను పలచగా కట్టారు. తర్వాత జాగ్రత్తగా మళ్లీ లెక్కిస్తే 62 మీటర్ల లోతులో పగులుతుందని తేలింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. లెక్కించే పద్ధతిలో లోపం లేదు, దాన్ని వాడిన తీరులోనే ఉంది.

కాబట్టి తమంతట తాము నేర్చుకోవాలనుకునే బీఎస్సీ, బీటెక్ పిల్లలకు ఒక క్రమం చెబుతాం. 8 జీబీ మెమరీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. లినక్స్ వేసుకోండి. సీ ప్రోగ్రాంలను నడిపించే జీసీసీ, పైథాన్, ప్రోగ్రాంలో మార్పులను భద్రపరిచే గిట్ అన్నీ ఉచితమే. మొదట స్ప్రింగుకు కట్టిన బరువు కదలికను ఆయిలర్ పద్ధతిలో (ఇప్పటి వేగాన్ని బట్టి తర్వాతి స్థానం కట్టే పద్ధతి) లెక్కించండి. ప్రమాణాలు 1గా తీసుకుని అడుగు 0.1 పెడితే ఒక్కో అడుగుకూ శక్తి 1 శాతం పెరుగుతుంది. వంద అడుగుల తర్వాత 2.7 రెట్లవుతుంది. ప్రకృతిలో అలా జరగదు. అప్పుడు వేగాన్ని, స్థానాన్ని అర అడుగు తేడాతో లెక్కించే లీప్‌ఫ్రాగ్ పద్ధతికి మారి, శక్తి ఒక హద్దులో ఎందుకు ఊగుతోందో తెలుసుకోండి. తర్వాత కడ్డీలో వేడి పాకే సమీకరణం తీసుకోండి. ఇక్కడ గడిని సగం చేస్తే కాలపు అడుగు నాలుగో వంతు చేయాలి, లేకపోతే లెక్క పేలిపోతుంది. జవాబు ముందే తెలిసిన ఉదాహరణ ఎంచుకుని గడి సగం చేసినప్పుడల్లా తప్పు నాలుగో వంతు అవుతోందా అని పట్టిక వేయండి. కాకపోతే ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుంది, చాలాసార్లు అంచుల దగ్గరే ఉంటుంది.

మూడో మెట్టు లీనియర్ సమీకరణాలు. ఘనాన్ని ఒక్కో వైపు 100 గళ్లుగా కోస్తే పది లక్షల తెలియని రాశులొస్తాయి. మ్యాట్రిక్స్ మొత్తం దాచుకోవాలంటే 8 టెరాబైట్లు కావాలి. కానీ ఒక్కో వరుసలో ఏడే ఏడు సున్నా కాని సంఖ్యలుంటాయి, వాటిని మాత్రమే దాస్తే 100 మెగాబైట్ల లోపే సరిపోతుంది. ఇన్వర్స్ కనుక్కుని గుణించే అలవాటు ఇక్కడ పోవాలి. మ్యాట్రిక్స్‌తో గుణకారాలు మాత్రమే చేస్తూ మెల్లగా జవాబుకు దగ్గరయ్యే కాంజుగేట్ గ్రేడియంట్ లాంటి పద్ధతి ఎందుకు పుట్టిందో ఇక్కడ అర్థమవుతుంది. చివరిగా ఇదే ప్రోగ్రాంను నాలుగు కోర్ల మీద నడపండి. మొత్తం కూడే చోట 'రిడక్షన్' (కోర్లు విడివిడిగా కూడినవి చివర్లో కలపమనే ఆదేశం) రాయడం మరిచిపోతే నడిపిన ప్రతిసారీ వేరే జవాబొస్తుంది. అది రాశాక కూడా కోర్ల సంఖ్య మారితే చివరి అంకెలు మారుతాయి. దీన్ని తప్పు అనుకోనక్కర్లేదు, కూడిక వరుస మారితే గుండ్రం చేసే తేడాలు మారతాయి. ప్రోగ్రాంలో 5 శాతం భాగం ఒక్క కోర్ మీదే నడవాల్సి ఉంటే, వెయ్యి కోర్లిచ్చినా వేగం 20 రెట్లకు మించదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇంత చేసిన విద్యార్థి గిట్ ఖాతా పది సర్టిఫికెట్ల కన్నా బలంగా మాట్లాడుతుంది.

ఉద్యోగాల విషయంలో తల్లిదండ్రులకు నిజం చెప్పాలి. క్యాంపస్‌కు వచ్చి వందల మందిని ఒకేసారి తీసుకునే సాఫ్ట్‌వేర్ సర్వీసు కంపెనీలు ఈ డిగ్రీ పేరు చూసి రావు. ఇక్కడ ఉద్యోగాలు తక్కువ సంఖ్యలో, ఎక్కువ లోతుతో ఉంటాయి. చాలావాటికి ఎంటెక్, ఎమ్మెస్సీ లేదా పీహెచ్‌డీ అడుగుతారు. బీఎస్సీతో ఆగిపోవాల్సిన ఇంటి పరిస్థితి ఉంటే ఆలోచించి చేరాలి. అయితే పై చదువులో చేతికి కొంత డబ్బు వస్తుంది. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు, సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. అద్దె భత్యం అదనం.

హైదరాబాద్ ఈ పనులకు దేశంలోనే మంచి చోటు. క్షిపణుల చుట్టూ గాలి ప్రవాహం లెక్కించే డీఆర్‌డీఓ ప్రయోగశాలలు, భూగర్భ తరంగాలను విశ్లేషించే ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్ఐ, ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే ఎన్ఆర్ఎస్‌సీ, జన్యు సమాచారం చూసే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఇక్కడే ఉన్నాయి. ప్రైవేటులో మాట్‌ల్యాబ్ తయారుచేసే మ్యాథ్‌వర్క్స్, మందుల అణువులను కంప్యూటర్‌లో పరీక్షించే సాఫ్ట్‌వేర్ చేసే ష్రోడింగర్, చిప్‌లు చేసే ఏఎండీ, ఎన్విడియా కార్యాలయాలున్నాయి. చిప్ కంపెనీల్లో మ్యాథ్ లైబ్రరీలను వేగంగా నడిపించే పనికి న్యూమరికల్ లీనియర్ ఆల్జీబ్రా, మెమరీ క్యాష్ రెండూ తెలిసినవాళ్లు కావాలి. ఆ రెండూ కలిసి వచ్చినవాళ్లు అరుదు. బెంగళూరు, పుణెల్లో కార్లు, విమాన ఇంజన్ల డిజైన్ బృందాలు సిమ్యులేషన్ ఇంజినీర్లను తీసుకుంటాయి. బ్యాంకింగ్, ఫైనాన్స్‌లో రిస్క్ లెక్కలకు ప్రాబబిలిటీ బలంగా ఉన్నవాళ్లు వెళుతున్నారు.

మూడు నెలల్లో సీఎఫ్‌డీ (గాలి, నీటి ప్రవాహాలను కంప్యూటర్‌లో లెక్కించే విద్య) నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామనే శిక్షణ కేంద్రాల గురించి ఒక హెచ్చరిక. అక్కడ నేర్పేది సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో. ఇంటర్వ్యూలో అడిగేది వేరు: గళ్లను రెండింతలు చేస్తే నీ జవాబు ఎంత మారింది? గోడ పక్కన మొదటి గడి ఎత్తు ఎలా నిర్ణయించావు? ఈ మోడల్ ఏ ప్రయోగంతో సరిపోల్చావు? రంగురంగుల చిత్రం చూపించి వీటికి జవాబు చెప్పలేకపోతే అక్కడితో సరి. ఓపెన్‌ఫోమ్, గ్రోమాక్స్, ల్యాంప్స్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. ముందు వాటితో ఒక తెలిసిన సమస్యను తిరిగి సాధించి చూడటం మేలు.

చదువుకునే చోట్లలో కొన్ని: గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ బీటెక్, కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్‌లో రీసెర్చ్ ఎంఎస్ కలిపిన ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీ ఉంది. యూజీఈఈ అనే సొంత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. బెంగళూరు ఐఐఎస్‌సీలో కంప్యుటేషనల్ అండ్ డేటా సైన్సెస్ విభాగంలో గేట్ ద్వారా ఎంటెక్ ఉంది. ఢిల్లీ జేఎన్‌యూలో కంప్యుటేషనల్ అండ్ ఇంటిగ్రేటివ్ సైన్సెస్ స్కూల్ ఉంది. మామూలు డిగ్రీ కళాశాలలో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివినా దారి మూసుకుపోదు. ఐఐటీ జామ్ రాసి ఎమ్మెస్సీ మ్యాథ్స్ లేదా ఫిజిక్స్‌లో చేరి, ప్రాజెక్టును ఈ దిశలో ఎంచుకోవచ్చు. డిగ్రీ మూడో ఏడాదిలోనే గేట్ రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్, జామ్ రెండూ ఫిబ్రవరిలో జరుగుతాయి, దరఖాస్తులు అంతకు చాలా ముందే ముగుస్తాయి కాబట్టి ఆగస్టు నుంచే వెబ్‌సైట్లు చూస్తుండాలి.

ఏ కళాశాలకు వెళ్లినా ఆఫీసులో ఫీజు అడిగే ముందు మూడు విషయాలు అడగండి. నాలుగేళ్ల సిలబస్ కాపీ ఇవ్వమనండి. న్యూమరికల్ మెథడ్స్‌కు ల్యాబ్ ఉందా, వారానికి ఎన్ని గంటలు అని అడగండి. చివరి ఏడాది విద్యార్థులు చేసిన ప్రాజెక్టు రిపోర్టులు రెండు చూపించమనండి. రిపోర్టులో గడి మార్చితే జవాబు ఎలా మారిందో చూపే పట్టిక ఉంటే అక్కడ పాఠం బాగా చెబుతున్నారని అర్థం.

విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు మా విన్నపం. బీఎస్సీ మ్యాథ్స్‌లో న్యూమరికల్ పేపర్‌ను క్యాలిక్యులేటర్ పేపర్‌గా ఉంచకండి. వారానికి మూడు గంటల ప్రాక్టికల్ పెట్టండి. ఇరవై మామూలు కంప్యూటర్లు, లినక్స్, ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, లైసెన్సులకు రూపాయి ఖర్చు లేదు. ప్రాక్టికల్ పరీక్షలో వందకు 40 మార్కులు నడిచే ప్రోగ్రాంకు, 40 మార్కులు జవాబు సరైనదని విద్యార్థి ఎలా తేల్చుకున్నాడన్న దానికి, 20 మార్కులు రాతపూర్వక నివేదికకు ఇవ్వండి. పాఠం చెప్పే అధ్యాపకులకు వేసవిలో రెండు వారాల శిక్షణ ఏర్పాటు చేస్తే వచ్చే విద్యా సంవత్సరం నుంచే దీన్ని అమలు చేయవచ్చు.

ఇట్లు,
గణితం, భౌతికశాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు,
హైదరాబాద్